14 ముక్కల ఇంజన్... ఇప్పుడు ఒకే ముక్క!

3డీ ప్రింటింగ్ అనగానే ప్లాస్టిక్ బొమ్మలే గుర్తొస్తాయి కదా? ఈరోజు నేను రాకెట్ ఇంజన్ గురించి చెప్తాను.

శ్రీహరికోట నుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశలో పీఎస్4 అనే ఇంజన్ వాడతారు. మామూలుగా దాన్ని 14 భాగాలుగా చేసి, 19 చోట్ల వెల్డింగ్‌తో అతికిస్తారు. ఇస్రో వాళ్లు దాన్నే ఒకే ముక్కగా ప్రింట్ చేయించారు. ఎలా అంటే, లోహపు పొడిని పలచగా పరుస్తారు. డిజైన్ ఉన్న చోట మాత్రమే లేజర్ దాన్ని కరిగిస్తుంది. దాని మీద మళ్లీ పొడి, మళ్లీ లేజర్. ఇలా పొర మీద పొర.

పాత పద్ధతిలో 565 కిలోల లోహం కావాలి. ఇక్కడ 13.7 కిలోల పొడి సరిపోయింది. టైమ్ 60 శాతం తగ్గింది.

మరి అన్నీ ఇలాగే చేసేయొచ్చుగా? ఆగండి. అతుకులు పోయాయి, నిజమే. కానీ పొరల మధ్య కంటికి కనపడని ఖాళీ ఉండిపోతే? సన్నటి దారుల్లో పొడి ఇరుక్కుంటే? పైకెళ్లాక రిపేర్ చేసే మెకానిక్ ఉండడు! అందుకే ఇలాంటి పార్టులకి సీటీ స్కాన్లు తీస్తారు, మండించి చూస్తారు. 2024 మే 9న మహేంద్రగిరిలో ఈ ఇంజన్‌ని 665 సెకన్లు, అంటే 11 నిమిషాలకు పైగా మండించారు. తట్టుకుంది.

నన్నడిగితే, ప్రింట్ చేయడం సగం పనే. లోపల ఏ లోపం లేదని తేల్చడం మిగతా సగం. మెకానికల్, మెటలర్జీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ... మెషిన్‌తో పాటు టెస్టింగ్ కూడా నేర్చుకోండి. డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. మళ్లీ కలుద్దాం!