ఒక డాక్టరుగారి పరిశోధన పత్రాలు – మన ఆడవారి ఆరోగ్యం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను డాక్టర్ రెంగస్వామి శంకరనారాయణన్ గారి పరిశోధనను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఆయన తిరువనంతపురం రీజనల్ క్యాన్సర్ సెంటర్‌లో పనిచేసి, తర్వాత ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన సంస్థకు వెళ్ళారు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ మీద ఆయన ఎంతో కృషి చేశారు.

శాస్త్రజ్ఞుల స్థాయిని లోకం రెండు లెక్కలతో కొలుస్తుంది. ఎన్ని పత్రాలు అచ్చయినవి అన్నది ఒకటి. వాటిని ఇతర శాస్త్రజ్ఞులు తమ పత్రాలలో ఎన్నిసార్లు ఉదహరించారు అన్నది రెండోది. పెద్దాయన మాట మంచిదైతే పదిమందీ "ఆయన ఇట్లా అన్నాడు" అని చెప్పుకోరూ? ఇదీ అంతే. ఐతే పదిమందీ ఎందుకు చెప్పుకుంటున్నారో తెలియాలంటే ఆ పత్రాల్లో ఏముందో చూడాలి. ముఖ్యమైన మూడింటిని మనవి చేస్తాను.

మొదటిది 2007లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ళ ఆడవారికి నర్సులే పరీక్ష చేశారు. పెద్ద యంత్రాలేమీ లేవు. పలచని వెనిగర్ లాంటి ద్రావకం పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లమచ్చ వస్తుందేమో కంటితో చూడటమే. ఆ గ్రామాల్లో ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి.

రెండోది 2009లో అమెరికాలోని 'న్యూ ఇంగ్లండ్' వైద్య పత్రికలో వచ్చింది. ఒకప్పటి నిజాం రాజ్యంలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది ఆడవారిని నాలుగు గుంపులుగా చేసి చూశారు. ఈ క్యాన్సర్‌కు మూలం హెచ్.పి.వి. అనే వైరస్. దాన్ని పట్టే పరీక్ష ఒక్కసారి చేసిన గుంపులో 34 మంది ఈ జబ్బుతో చనిపోగా, ఏ పరీక్షా పెట్టని గుంపులో 64 మంది చనిపోయారు. ఆ చివరి గుంపును పరీక్ష లేకుండా ఉంచడం ఏమి న్యాయమని తర్వాత కొందరు ప్రశ్నించారు. అడగవలసిన ప్రశ్నే అది. ఆ అంకెల వెనక ఉన్నది పల్లెటూరి తల్లులు, అక్కచెల్లెళ్ళు అన్నది మనం మరవరాదు.

మూడోది టీకా సంగతి. 2009లో ఖమ్మం జిల్లాలో వేరే సంస్థవారు బాలికలకు ఈ టీకాలు వేయించారు. కొందరు పిల్లలు చనిపోయారని గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. కాని తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదని 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ ఆపివేతతో శంకరనారాయణన్ గారి బృందం చేస్తున్న టీకా పరిశోధన కూడా మధ్యలో నిలిచిపోయింది. వారి కేంద్రాలలో మన హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఒకటి. రెండో, మూడో డోసులు వేయవలసిన పిల్లల్లో సుమారు అయిదు వేల మందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వారిని వదిలేయక, ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. ఒక్క డోసు కూడా బాగానే కాపాడుతున్నదని 2016లోనూ, పదేళ్ళ ఫలితాలతో 2021లోనూ ప్రకటించారు. ఇటువంటి ఫలితాలను ఆధారం చేసుకుని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ళ ఆడపిల్లలకు ఒక్క డోసు కూడా చాలునన్నది. పేద దేశాలకు ఇది ఎంత ఖర్చు తగ్గించిందో ఆలోచించండి.

సోదరులారా, పత్రాన్ని వేయిమంది ఉదహరించినా, మన ఇంటి ఆడమనిషి పరీక్షకు వెళ్ళకపోతే ఆమెకేం లాభం? మన ఇళ్ళల్లో ఆడవారు ఈ బాధలు ఎవరికీ చెప్పరు. బహిష్టులు నిలిచాక రక్తం కనబడినా, వాసనతో తెల్లబట్ట అయినా "వయసు మీద పడింది, అంతే" అంటారు. చెబితే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారోనని సిగ్గు. ఈ జబ్బు సాధారణంగా చాలా ఏళ్ళపాటు నెమ్మదిగా ముదురుతుంది. ముందే చూస్తే చిన్న చికిత్సతో పోయేదాన్ని, సిగ్గుపడి ముదరబెట్టుకుంటున్నాం. మగవారు కూడా "ఆడాళ్ళ విషయం, మనకెందుకు" అనకూడదు. ఆసుపత్రికి తీసుకుపోవలసింది, డబ్బు ఇవ్వవలసింది మీరే కదా.

30 నుంచి 65 ఏళ్ళ ఆడవారికి అయిదేళ్ళకొకసారి ఈ వెనిగర్ పరీక్ష చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. లేడీ డాక్టరో, నర్సో చూస్తారా అని కూడా అడగండి, అందులో తప్పులేదు. ఆడపిల్లలకు టీకా వేయించేముందు డాక్టరును అన్నీ అడిగి, అర్థమయ్యాకే కాగితం మీద సంతకం పెట్టండి. టీకా వేసుకున్నవారు కూడా పెద్దయ్యాక పరీక్ష మానరాదు.

వచ్చే ఏడు ఈ సభనాటికి, ఎంతమంది అమ్మలు, ఆపాలు, ఖాలాలు పరీక్ష చేయించుకున్నారో మన సొసైటీ లెక్క తీయాలని కోరుతున్నాను. పేర్లు వద్దు, సంఖ్య చాలు.