కుర్చీ ఖాళీగా ఉన్న కాలంలో



ఎవరి స్మృతిలో ఇక్కడ చేరామో ఆ సారును పరిచయం చేయనక్కర్లేదు. ఆయన గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నిర్వాహకులు ఇచ్చిన అంశం పెద్దది: పట్టణాల పునర్నిర్మాణంలో పౌరుల మాట. దాన్ని నేను ఒక్క ప్రశ్నకు కుదించుకుంటున్నాను. ఊరి రూపురేఖలు మార్చే కాగితం మీద సంతకం పడే రోజున, ఊరి తరఫున మాట్లాడాల్సిన మనిషి కుర్చీలో ఉన్నాడా?

మన ఇబ్రహీంపట్నంలో పెద్ద చెరువుంది. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా పేరుతో ముడిపడిన చెరువు. అద్దంకి గంగాధర కవి నుంచి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితం పుచ్చుకున్న సుల్తాను ఆయనే. కవులు ఆయన్ని పొగిడారు సరే, చెరువు కట్టేముందు ఏ రైతునైనా అడిగాడా అని ఎవరూ రాయలేదు. అడగాలన్న చట్టమూ అప్పుడు లేదు. మనకుంది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పురపాలక సంఘం గడువు అయిదేళ్లని, ఆ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తికావాలని 243-యు అధికరణం అంటుంది. పంచాయతీలకూ అలాంటి నియమమే ఉంది.

ఇప్పుడు తేదీలు చూద్దాం. మన తెలంగాణ గ్రామపంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. సర్పంచ్ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఆ నడుమ ఇరవై రెండు నెలలు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల పాలన. 2020 జనవరిలో ఎన్నికైన పురపాలక మండళ్ల గడువు 2025 జనవరిలో తీరింది, అక్కడికీ ప్రత్యేకాధికారులే వచ్చారు. సరిగ్గా ఆ సందులో, 2025 మార్చిలో, కొత్త నగరం కట్టడానికి ఫ్యూచర్ సిటీ డెవలప్‌మెంట్ అథారిటీ ఏర్పడింది. ఏడు మండలాల్లోని యాభై ఆరు గ్రామాలు దాని కిందికి వెళ్లాయి. ఆ ఏడింటిలో ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం ఉన్నాయి. ఆ మార్చిలో ఆ గ్రామాల్లో సర్పంచ్ ఒక్కరూ లేరు. అదే ఏడాది డిసెంబరులో మన పక్కనున్న ఆదిభట్ల, మరో ఇరవై ఆరు పట్టణాలతో కలిసి, జీహెచ్‌ఎంసీలో విలీనమైంది. వద్దనడానికో, సరే కానీ ఫలానా షరతు మీద అనడానికో అక్కడ కౌన్సిల్ లేదు.

కావాలనే చేశారా అన్న చర్చలోకి నేను పోను. ప్రత్యేకాధికారి నిజాయితీపరుడే కావచ్చు, పొద్దున ఏడింటికే వార్డుల్లో తిరిగేవాడూ కావచ్చు. ఆయన్ని బదిలీ చేసేది పైవాళ్లు. పైనుంచి వచ్చిన కాగితానికి ఎదురుగా తీర్మానం రాయమని ఆయన్ని అడగడం మనకే న్యాయం కాదు.

సముద్రతీరంలోనూ ఇదే కథ. భీమిలి అని మనం పిలిచే భీమునిపట్నం పురపాలక సంఘం 1861 నాటిది, దేశంలోని పాతవాటిలో ఒకటి. 2013లో దాన్ని విశాఖ మహానగరపాలక సంస్థలో కలిపేశారు. భీమిలి కౌన్సిల్ గడువు తీరి అప్పటికి దాదాపు మూడేళ్లు. కలుపుకున్న విశాఖకూ 2012 నుంచి పాలకవర్గం లేదు. 2021 మార్చిలో ఎన్నికలు జరిగేసరికి భీమిలి తొంభై ఎనిమిది వార్డుల నగరంలో ఒక మూల అయిపోయింది. నూట యాభై ఏళ్లు తన పద్దు తాను రాసుకున్న ఊరికి, బీచి రోడ్డు ఎటు పోవాలో అడిగే సొంత వేదిక లేకుండా పోయింది.

కుర్చీలో మనిషి ఉంటే ఏమవుతుందో కామారెడ్డి చూపించింది. అక్కడి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో సాగుభూములు పారిశ్రామిక జోన్‌లో పడ్డాయి. మన రైతుకు భూమి గుర్తు వేరు, కుంట కింది మడి, మర్రిచెట్టు చెలక అని గుర్తు. గోడకు తగిలించిన పటంలో సర్వే నంబరు, దాని మీద ఒక రంగు, అంతే. ఆ రంగుకు అర్థమేమిటో తెలిసేసరికి అభ్యంతరాల గడువులో సగం పోతుంది. కామారెడ్డి రైతులు 2023 జనవరిలో కలెక్టరేట్ ముట్టడించారు, కౌన్సిలర్లను రాజీనామా చేయమని నిలదీశారు. ఒక రైతు ప్రాణం కూడా పోయింది. ఆ నెల 20న కౌన్సిల్ సమావేశమై ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఆ కౌన్సిలర్లు వీరులేమీ కారు. మళ్లీ ఓట్లకు పోవాలి కాబట్టి భయపడ్డారు. ఆ భయమే కావలసింది.

ప్రజాభిప్రాయ సేకరణ ఉంది కదా అంటారు. మందుల పరిశ్రమల కోసం తలపెట్టిన ఫార్మాసిటీ మీద 2017 అక్టోబరులో మన యాచారం మండలం మేడిపల్లిలో జరిగింది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వీడియో తీయాలి, వచ్చిన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. కోరం అక్కర్లేదు. ఊరంతా వద్దన్నా, పదిమందే వచ్చినా, సభ జరిగినట్టే లెక్క. అక్కడ కూర్చున్న అధికారి రాసుకుంటాడు, నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది. చెప్పుకోవడానికి చోటు దొరికింది, కాదనడానికి దొరకలేదు. 2013 భూసేకరణ చట్టం కొన్ని ప్రాజెక్టులకు రైతుల సమ్మతి తప్పనిసరి చేస్తే, తెలంగాణ చేసిన సవరణ అందులో చాలా వాటిని సమ్మతి నుంచీ, సామాజిక ప్రభావ అంచనా నుంచీ మినహాయించే వీలు కల్పించింది.

2019 తెలంగాణ పురపాలక చట్టంలో ఒక మంచి మాట ఉంది. ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కో కమిటీకి పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. మీ వార్డు కమిటీల్లో ఎవరెవరున్నారో ఇక్కడ ఎందరికి తెలుసు? చేతులెత్తమని అడగను లెండి.

చట్టాల్లో నేను కోరే సవరణ ఇది. ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో ఊరి హద్దుల మార్పు, విలీనం, కొత్త అథారిటీ ఏర్పాటు, మాస్టర్ ప్లాన్ ఆమోదం చెల్లకూడదు. ఎన్నికల ప్రకటన వచ్చిన రోజు నుంచి ఫలితాల దాకా కొత్త పథకం ప్రకటించకూడదని కోడ్ పెట్టుకున్నాం. కొన్ని వారాలకే అంత పట్టింపు ఉన్నప్పుడు ఇరవై రెండు నెలలకు ఏ కోడూ లేకపోవడమేమిటి? అభివృద్ధి ఆగిపోతుందంటారు. ఎన్నికలు వేళకు పెడితే ఒక్క రోజు కూడా ఆగదు.

ఈ మేరకు ఒక తీర్మానం రాసి నిర్వాహకులకిచ్చాను. సభ ముగిశాక చదవండి, నచ్చని చోట కొట్టేయండి, మీ సర్వే నంబర్ల గొడవ ఉంటే చేర్చండి. ప్రభుత్వానికి పంపేముందు మరోసారి కూర్చుందాం.