అడవి లోపలి పెంటల నుంచి మా మాట



మేము నల్లమల లోపలి చెంచు పెంటల నుంచి వచ్చినం. పెంట అంటే మీ దిక్కు ఎరువు కుప్ప, మాకు మాత్రం ఊరు. అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్, బౌరాపూర్, మేడిమల్కల ఇవన్నీ మా పెంటలే. ఒక్కో పెంటల కొన్ని ఇండ్లే ఉంటయి, నడుమ అంతా అడవే. 2016 అక్టోబరు 11 నాడు మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి మాది నాగర్‌కర్నూల్ జిల్లా అయింది. జిల్లా కొంత దగ్గరికి వచ్చింది గాని బ్యాంకు రాలేదు.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర అయితది. ఆ కొద్ది రోజులు ఫర్హాబాద్ దిక్కు నుంచి జీపులు ఒకటే తిరుగుతయి. జాతర అయిపోతే మళ్లీ మా కాళ్లే మాకు దిక్కు. ఇది పులుల అడవి. రాత్రి 9 దాటితే మన్ననూర్ చెక్‌పోస్టు కూడా మూసేస్తరు. అందుకే బ్యాంకుకు పోయిన నాడు పని కాకపోయినా పొద్దుండగానే తిరిగి రావాలె.

మా బతుకు తేనె, తపసి జిగురు, కుంకుడుకాయల మీద. తేనెకు మొగోళ్లు తాడు పట్టి కొండ చరియల మీదికెల్లి దిగుతరు. పైన తాడు పట్టేది బావమరిదే. చెల్లె పసుపుకుంకుమలు కోరేటోడు తాడు వదలడని మా పెద్దల నమ్మకం. అంత కష్టపడితే వచ్చే పైస ఎండకాలమే వస్తది. వానకాలం వాగులు పొంగితే చేతిల రూపాయి ఉండదు.

మరి అప్పు కిస్తీ మాత్రం నెలనెలా ఒకే తీరుగ కట్టమంటరు. వానకాలం రెండు కిస్తీలు తప్పితే సంఘం గ్రేడు పడిపోతది, వచ్చే ఏడు లింకేజీ ఆగుతది. అప్పుడు మళ్లీ షావుకారి దగ్గరికి పోవాలె, తేనె ఆయన చెప్పిన ధరకే ఇయ్యాలె. సంఘం పెట్టుకున్నది ఆ బాధ తప్పించుకోనీకే గదా.

అందుకే మేము మూడు అడుగుతున్నం. ఒకటి, కిస్తీ ఎండకాలం ఎక్కువ, వానకాలం తక్కువ పెట్టాలె. మొత్తం మీద రూపాయి తగ్గించమంటలేము. రెండు, మా మీటింగు మా పెంటలనే అయితది, ఆ హాజరు లెక్కల రాయాలె. నెలకొక్కసారన్న వీఓఏ పుస్తకాలు తీసుకొని పైకి రావాలె. మూడు, అన్ని పెంటల తేనె ఒక్క చోట తూకమేసి సమాఖ్య పేరు మీద అమ్మాలె. ఒక్కరు డబ్బ పట్టుకపోతే ధర కొన్నోడు చెప్తడు, అందరిది కలిస్తే మనం చెప్తం.

పొదుపు మేము ఆపలేదు. వాగు దాటలేని వారం పైసలు డబ్బలేసి పెట్టి, తర్వాతి వారం రెండూ కలిపి కట్టినం.

అక్కలారా, మేము కొద్దిమందిమే. మీరు చేతులెత్తితేనే తీర్మానం అయితది. ఈ మూడు మాటలు ఈ రోజే పుస్తకంల రాయించుండ్రి.