క్లాసు గది నిండా జనం, గుండె నిండా దడ

(పట్నం హాస్టళ్ళలో కొత్తగా చేరిన ఆదివాసీ విద్యార్థుల సమావేశంలో మాట్లాడిన మాటలు)



పోడు పట్టాల గురించో, 1/70 చట్టం గురించో చెప్తాననుకుని వచ్చి ఉంటారు. అది ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇవాళ ఒక భయం గురించి చెప్తా. ఎవరికీ చెప్పుకోలేని భయం. దాని వల్ల చదువు మధ్యలో వదిలేసి ఊరికి పోయినవాళ్ళు నాకు తెలుసు. నేనూ పోవాల్సినవాణ్ణే.

మా ఆశ్రమ పాఠశాలలో తరగతికి 30 మందిమి. అందరం మనోళ్ళమే. అక్కడి నుంచి హైదరాబాదుకొచ్చి మొదటిరోజు లెక్చర్ హాల్లో అడుగుపెడితే, మెట్లు మెట్లుగా బెంచీలు, 150 మంది దాకా ఉన్నారు. మధ్య బెంచీలో ఇరుక్కుని కూర్చున్నా. కాసేపటికి గుండె దడదడ, అరచేతుల్లో చెమట, గొంతు తడారిపోయింది. సారు చెప్పింది ఒక్క ముక్క ఎక్కలేదు. అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు.

నాకు చాలా రోజులు అర్థం కాని సంగతి ఒకటుంది. మేడారం పోతాం కదా, రెండేళ్ళకోసారి. లక్షల మంది. కాలు పెట్టడానికి చోటుండదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మర్రిచెట్ల కింద ఎంత జనం! అక్కడ రాని దడ 150 మంది దగ్గర ఎందుకొస్తుంది? జాతరలో నిన్ను ఎవరూ కొలవరు. నీ ఇంగ్లీషు ఎంత, నీ ర్యాంకు ఎంత, నీకు సీటు ఎట్లా వచ్చింది అని అడగరు. అంటే మన భయం జనం గురించి కాదు, ఆ జనం మనల్ని ఏమనుకుంటారో అని. ఇది తెలిశాక నాకు సగం బరువు దిగింది.

మరి శరీరం ఎందుకు అట్లా చేస్తుంది? అడవి దారిలో ఎలుగు ఎదురైందనుకోండి. ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కాళ్ళు పరుగుకు సిద్ధమవుతాయి. మన ప్రాణం కాపాడే ఏర్పాటు అది. క్లాసులో ఎలుగు లేదు, మెదడు మాత్రం ఉందనుకుంటుంది. అంతే. మీకు పిచ్చి కాదు, పిరికితనమూ కాదు. గట్టిగా వచ్చిన దడ కూడా చాలాసార్లు 10 నిమిషాల్లోపే పైకెక్కి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది.

కష్టమేమిటంటే, ఆ 10 నిమిషాలు ఆగకుండా మనం లేచి వచ్చేస్తాం. బయటికి రాగానే హాయి. ఆ హాయి దగ్గరే మోసపోతాం. "బయటికొచ్చాను కాబట్టి బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు గుమ్మం దగ్గరే దడ మొదలు. ఇంకో వారానికి హాస్టల్లోనే పడుకుంటాం. తర్వాత హాజరు 75 శాతం కన్నా తగ్గుతుంది, స్కాలర్‌షిప్ ఆగుతుంది, పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంట్లో అమ్మానాన్నలకు ఏం చెప్తాం?

నేను చేసింది చెప్తా. సాయంత్రం హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కణ్ణే పోయి కూర్చునేవాణ్ణి. ఫ్యాన్లు ఎక్కడ, తలుపులు ఎన్ని, బోర్డు ఏ బెంచీ నుంచి బాగా కనబడుతుంది, అన్నీ చూసుకున్నా. క్లాసుకు 10 నిమిషాలు ముందే పోయేవాణ్ణి. నిండిన గదిలోకి నడవడం కష్టం గానీ, మనం కూర్చున్నాక గది నిండితే అంత కష్టం కాదు. మొదట తలుపు పక్క బెంచీ, చివరి సీటు. రెండు వారాలకు ఒక బెంచీ ముందుకు. తలుపు పక్కనే మూడేళ్ళూ ఉండిపోవద్దు, అది కూడా ఒక రకంగా పారిపోవడమే.

దడ మొదలైతే ఊపిరి మెల్లగా వదలండి. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండె వేగం తగ్గుతుంది. పాదాలు నేలకు గట్టిగా ఆనించండి. సారు చెప్పే మాటల్లో ఒక్క మాటైనా నోట్సులో రాయండి, అర్థం కాకపోయినా సరే. పొద్దున టిఫిన్ మానేసి ఉత్త టీ తాగి పోవద్దు, ఖాళీ కడుపుకు దడ ఇంకా ఎక్కువ. ఇంకొకటి, దడ, ఆయాసం రక్తహీనత వల్ల కూడా వస్తాయి. సికిల్ సెల్ మన ఊళ్ళలో ఉన్నదే. అన్నీ భయమే అనుకోకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

ఇప్పుడు అసలు మాట. మొదటి నెలలోనే ఒక సారు క్లాసులో "ఎస్టీ సీటోళ్ళు నిలబడండి" అన్నాడు. ముగ్గురం నిలబడ్డాం. వెనక నుంచి నవ్వులు. ఆ రోజు వచ్చిన దడకు ఊపిరి లెక్కలు మందు కాదు. అక్కడ తప్పు మన గుండెది కాదు. అటువంటిది జరిగితే తేదీ, టైము, అన్న మాట, విన్నవాళ్ళ పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి. కాలేజీ ఎస్సీ, ఎస్టీ సెల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద సంతకం తీసుకోండి. నలుగురిలో కావాలని అవమానించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మేం అప్పుడు రాయలేదు. ముగ్గురిలో ఒకడు దసరా సెలవులకు ఊరెళ్ళి తిరిగి రాలేదు. వాడు మా ఇద్దరికన్నా లెక్కల్లో గట్టివాడు.

నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా ఒక్కరే మోయొద్దు. 14416, టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి పోవడం నామోషీ కాదు. జ్వరానికి పోవట్లేదా?

సరే, భోజనాలకు పిలుస్తున్నారు. రేపు మొదటి క్లాసు ఉన్నవాళ్ళు తిన్నాక ఇక్కడే ఆగండి. ఎవరిది ఏ కాలేజీయో, ఎన్నింటికో చెప్పండి, ఎవరు ఎవరితో కలిసి పోవాలో రాసుకుందాం. ఆ చివర తలుపు దగ్గర నిలబడ్డ చెల్లె, నువ్వు కూడా ఆగమ్మా.