ఏసీ శుభ్రం చేయించేటప్పుడు



శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని సామెత. చలి అటు వెళ్ళగానే ఇటు మనకు వేసవి హడావిడి మొదలవుతుంది. మంచినీళ్ళకు కొత్త కుండ కొనడం, ఫాను రెక్కలు తుడవడం, ఎండ పడే కిటికీకి తెర కట్టడం, ఇవన్నీ మనకు అలవాటైన పనులే. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో వీటికి తోడు మరో పని వచ్చి చేరింది. గోడమీది ఏసీని శుభ్రం చేయించడం. కుండ సంగతి, తెర సంగతి మనకు తెలుసు. ఏసీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో మనిషి వస్తాడు, నిచ్చెన ఎక్కుతాడు, ఏదో చేస్తాడు, చీటీ ఇస్తాడు, మనం డబ్బిస్తాం. అతను చేసిందేమిటో, చెయ్యకుండా వదిలేసిందేమిటో మనకు తెలియదు. ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

"తలుపులన్నీ వేసుకునే కదా వాడుతున్నాం, లోపలికి దుమ్మెలా వస్తుంది?" అని చాలామంది అడుగుతారు. గోడకు పెట్టుకునే మామూలు ఏసీ బయటి గాలిని లోపలికి తేదండీ. గదిలో ఉన్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. పరుపుల దూది నలుసులు, తల వెంట్రుకలు, ముఖానికి అద్దుకునే పౌడరు, అగరొత్తుల పొగ, వంటింటి పక్క గదైతే పోపుల జిడ్డు, అన్నీ ఆ గాలితోపాటే లోపలికి వెళతాయి. లోపల సన్నని రేకులు వరసగా పేర్చిన కాయిల్ ఒకటుంటుంది. చల్లటి నీళ్ళ గ్లాసుకు బయట చెమట పట్టినట్టే ఆ రేకులకూ చెమ్మ పడుతుంది. తడి ఉన్నచోట దుమ్ము అంటుకుంటుంది. తడీ, దుమ్మూ, చీకటీ కలిసినచోట బూజు పుడుతుంది. ఏసీ వెయ్యగానే కాసేపు మురిగిన గుడ్డ వాసన వస్తుందే, అది చాలాసార్లు ఈ బూజుదే.

అసలు ఈ యంత్రం మొదట పుట్టింది మనుషుల సుఖం కోసం కాదు. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు, బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసులో చెమ్మవల్ల కాగితం సాగకుండా ఉండడానికి దీన్ని రూపొందించాడు. అంటే గాలిలోని చెమ్మను లాగడం దాని పుట్టుకలోనే ఉంది. ఆ చెమ్మ పట్టే చోటును శుభ్రంగా ఉంచడమే సర్వీసులో అసలు పని.

ఇందులో మనం చేసుకునే పని ఒకటుంది. ముందు మూత ఎత్తితే జల్లెడలాంటి ఫిల్టర్లు కనిపిస్తాయి. వేసవిలో రెండు వారాలకోసారి వాటిని తీసి, కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి పెట్టుకోవాలి. దీనికి మెకానిక్ అక్కర్లేదు. మెకానిక్ వచ్చి ఈ ఫిల్టర్లు మాత్రమే కడిగి, పైన గుడ్డతో తుడిచి "సర్వీసు అయిపోయిందమ్మా" అన్నాడంటే, మనం చేసుకోగల పనికే మనం డబ్బిచ్చామన్నమాట.

మరి నిజమైన సర్వీసు ఎలా ఉంటుంది? ఫోనులో చెప్పేటప్పుడే "డ్రై సర్వీసా, వెట్ సర్వీసా?" అని అడగండి. డ్రై అంటే దుమ్ము ఊది తుడవడం. వెట్ అంటే నీళ్ళతో కడగడం. వేసవికి ముందు ఏడాదికొకసారైనా నీళ్ళతో కడిగించాలి. ఉగాది లోపలే ఈ పని పూర్తి చేసుకుంటే మంచిది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పిలిస్తే, ఆ కుర్రవాడికి రోజుకు పది ఇళ్ళుంటాయి. మన ఇంట్లో పదిహేను నిమిషాలు కూడా నిలబడలేడు.

అతను వచ్చేముందు ఏసీ కింద ఉన్న మంచం జరపండి, పరుపుమీద పాత దుప్పటి కప్పండి, ఒక బకెట్టూ రెండు పాత గుడ్డలూ సిద్ధంగా ఉంచండి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలుగానీ, పెద్దవాళ్ళుగానీ ఉంటే పని అయ్యేవరకు వేరే గదిలో కూర్చోబెట్టండి.

అతను రాగానే ఏసీ ఒకసారి వేసి చూడాలి. చల్లదనం ఎంత ఉంది, చప్పుడేమైనా వస్తోందా, నీళ్ళు కారుతున్నాయా అని. ఆ తర్వాత రిమోటుతో ఆపడం కాదు, ఎం.సి.బి. దగ్గరే కరెంటు తీసెయ్యాలి. నీళ్ళకూ కరెంటుకూ పొత్తు కుదరదు కదా! తరువాత మూత విప్పి, కరెంటు కార్డు ఉన్న వైపు నీళ్ళు పడకుండా ప్లాస్టిక్ చుట్టాలి. పెట్టె కింద ఒక పెద్ద సంచి కడతారు. కడిగిన నీళ్ళు అందులోంచి గొట్టం ద్వారా బకెట్టులోకి దిగుతాయి. అప్పుడు చిన్న పంపుతో నీటిధార కొట్టి కాయిల్‌నూ, దాని వెనక గుండ్రంగా తిరిగే బ్లోయర్‌నూ కడగాలి. గాలిని గదిలోకి తోసేది ఆ బ్లోయరే. దాని రెక్కల మధ్య మసి పేరుకుంటే గాలి రాదు. చాలామంది వదిలేసేది కూడా దాన్నే. కడగకముందు టార్చి వేసి చూపించమనండి, కడిగాక మళ్ళీ చూపించమనండి. బకెట్టులోకి దిగిన నల్లటి నీళ్ళు చూస్తే, ఇన్నాళ్ళూ ఏ గాలి పీల్చామో మీకే అర్థమవుతుంది.

కడగడానికి యాసిడ్ వాడతానంటే ఒప్పుకోకండి. గాఢమైన యాసిడ్ అల్యూమినియం రేకుల్ని తినేస్తుంది. ఆవేళ తళతళలాడినా, తరవాత ఆ రేకులే చిల్లులు పడతాయి. మామూలు నీళ్ళు, అవసరమైతే కాయిల్ కోసమే తయారుచేసిన మందు చాలు. మందు వాడినప్పుడు కిటికీలు తీసి ఉంచండి. చివర్న నీళ్ళు పోయే తొట్టి, గొట్టం చూడాలి. అందులో పాచి పట్టి దారి మూసుకుంటే గదిలో గోడవెంట నీళ్ళు కారతాయి. తొట్టిలో ఒక చెంబుడు నీళ్ళు పోయించండి. అవి బయట గొట్టంలోంచి ధారగా పడితే దారి శుభ్రంగా ఉన్నట్టే.

ఇంతవరకు లోపలి పెట్టె సంగతి. బయటి పెట్టెను కూడా కడగాలి. విశాఖలాంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి దాని రేకులు తొందరగా తుప్పు పడతాయి. హైదరాబాదు అపార్టుమెంట్లలో దాని వెనక పావురాలు కాపురం పెడతాయి. ఎండిన పావురాల రెట్ట పొడి ముక్కులోకి వెళితే కొందరికి ఊపిరితిత్తుల జబ్బు చేస్తుంది. అందుకని దాన్ని పొడిగా ఉండగా చీపురుతో ఊడ్చకూడదు. ముందు నీళ్ళు చల్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని తియ్యాలి. ఈ పనికి వచ్చిన మనిషికి మాస్కు లేకపోతే మనమే ఒకటి ఇద్దాం.

ఇక్కడే ఇంకో మాట. నాలుగో అంతస్తులో, ఐదో అంతస్తులో బయటి పెట్టె గోడకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని కడగడానికి ఆ కుర్రవాడు కిటికీ దాటి జానెడు వెడల్పు సన్‌షేడు మీద నిలబడతాడు. నడుముకు బెల్టు లేకుండా నిలబడతానంటే వద్దని చెప్పండి. "ఎన్నిసార్లు చెయ్యలేదమ్మా, ఏం కాదు" అంటాడు. "బెల్టు తెచ్చుకుని రేపు రా బాబూ" అనండి. మన గది చల్లబడ్డం ఒకరోజు ఆలస్యమైతే కొంప మునగదు. అతనికోసం ఇంటిదగ్గర ఎదురుచూసేవాళ్ళుంటారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వద్దాం. పని అయ్యాక చాలా ఇళ్ళల్లో వినబడే మాట ఒకటుంది. "గ్యాసు అయిపోయిందమ్మా, నింపాలి." ఈ ఒక్క మాటకే సర్వీసు ఖర్చుకు ఎన్నో రెట్లు బిల్లవుతుంది. మనం వెంటనే వంట గ్యాసును తలుచుకుంటాం. సిలిండరు నెలకో నెలన్నరకో అయిపోవడం మనకు అలవాటే. కాని ఏసీలో గ్యాసు మండదండీ. మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, అంతే. మన వంటింట్లో ఫ్రిజ్‌ను చూడండి. అందులోనూ అలాంటి గ్యాసే తిరుగుతుంది. ఏడాదికోసారి దాంట్లో గ్యాసు నింపిస్తున్నామా? పదేళ్ళయినా పట్టించుకోం. ఏసీ కూడా అంతే. గ్యాసు తగ్గిందంటే ఎక్కడో కారిపోతోందన్నమాట.

కనుక "అయిపోయింది" అన్నప్పుడు, "ఎక్కడినుంచి పోయింది బాబూ, చూపించు" అని నెమ్మదిగా అడగండి. గొట్టాల అతుకుల దగ్గర సబ్బు నురుగు రాస్తే, కారేచోట బుడగలు వస్తాయి. సన్నని చిల్లయితే నైట్రోజన్ ఎక్కించి చూస్తారు. చిల్లు మూసి, పంపుతో గొట్టాల్లో ఉన్న గాలీ చెమ్మా లాగేసి, అప్పుడు నింపాలి. చిల్లు మూయకుండా నింపితే, ఓటికుండలో నీళ్ళు పోసినట్టే. వచ్చే వేసవికి మళ్ళీ అదే పాట.

ఇంకొక కిటుకు కూడా గుర్తుపెట్టుకోండి. గొట్టంమీద ఐసు పేరుకున్నంత మాత్రాన గ్యాసు తగ్గిందని అనలేం. ఫిల్టరూ కాయిలూ మూసుకుపోయి గాలి ఆడకపోయినా ఐసు కడుతుంది. అందుచేత ముందు కడగాలి, తరవాతే గ్యాసు చూడాలి. మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే, మూతైనా విప్పకుండా గ్యాసు మాట ఎత్తాడంటే కాస్త జాగ్రత్తపడండి.

నింపక తప్పకపోతే బయటి పెట్టెకు అంటించిన చీటీ చూడండి. ఏ గ్యాసో, ఎన్ని గ్రాములో దానిమీద ఉంటుంది. ఆర్-32 అని ఉంటే అదే పొయ్యాలి, తూకం వేసి పొయ్యాలి. ఈ ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. ఆర్-290 అయితే ప్రొపేనే, వంట గ్యాసులో ఉండే వాయువుల్లో ఒకటి. కాబట్టి ఆ పని జరిగేటప్పుడు కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, పూజగదిలో దీపం కూడా కొండెక్కించి ఉంచండి.

పని పూర్తయ్యాక ఏసీ వేసి పావుగంట ఆగండి. లోపలికి వెళ్ళే గాలికీ, బయటికి వచ్చే గాలికీ సుమారు పది డిగ్రీల తేడా ఉండాలి. మంచి మెకానిక్ దగ్గర దీనికి థర్మామీటరు ఉంటుంది. బిల్లుమీద ఏమేం చేశాడో, ఏ సామాను మార్చాడో రాయించుకోండి. మార్చిన పాత సామాను మనకిచ్చి వెళ్ళమనండి. మొత్తం పనికి ఒక్కో ఏసీకి ముప్పావుగంటనుంచి గంట పడుతుంది. అంత ఓపికగా చేసిన కుర్రవాడికి మజ్జిగ గ్లాసు ఇచ్చి, అతని ఫోను నెంబరు రాసిపెట్టుకోండి. అలాంటివాడు దొరకడం అదృష్టమే.

అమెరికాలో ఉన్న కూతుళ్ళ దగ్గరికి, కోడళ్ళ దగ్గరికి వెళ్ళివచ్చే తల్లులకూ ఒక మాట చెప్పాలి. అక్కడ చాలా ఇళ్ళల్లో గదికొక ఏసీ ఉండదు. ఇంటికంతటికీ ఒకటే యంత్రం ఉండి, గోడల్లోంచి కప్పుల్లోంచి పెద్ద రేకు గొట్టాల ద్వారా గాలి వస్తుంది. వాటిని డక్టులంటారు. "మీ డక్టులు శుభ్రం చేస్తాం" అని చవక ధర చెప్పి ఇంట్లో అడుగుపెట్టి, తీరా వచ్చాక "అమ్మో, బూజు!" అని భయపెట్టి బిల్లు పెంచేవాళ్ళు అక్కడా ఉన్నారు. అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ చెప్పేదేమిటంటే, డక్టులు కడిగించడంవల్ల జబ్బులు రాకుండా ఉంటాయని రుజువు కాలేదట. కంటికి కనిపించే బూజు ఉన్నా, ఎలుకలో పురుగులో చేరినా, దుమ్ముతో గొట్టాలు మూసుకుపోయినా అప్పుడు చేయించమంటుంది. చేయిస్తే కాయిలూ ఫానూ తొట్టీ అన్నీ కలిపి చేయించాలిగాని, గొట్టాలొక్కటే ఊడిస్తే లాభం లేదంటుంది. దేశమేదైనా సూత్రం ఒకటే. బూజు ఉందంటే చూపించమనాలి. చూశాకే సరేననాలి.

మన ఏసీల విషయంలోనూ అంతే. శుభ్రం చేయించినంత మాత్రాన ఉబ్బసం నయం కాదు. ముక్కుకు పడని దుమ్మూ బూజువాసనా తగ్గుతాయి, గాలి బాగా ఆడుతుంది, అంతే. ఎంత కడిగించినా, పొద్దుటా సాయంత్రం కిటికీలు తీసి గదిలోకి కొత్తగాలి రానివ్వాల్సిందే. అలాగే కడిగించాం కదా అని 18 దగ్గర పెట్టుకుని దుప్పట్లు కప్పుకోవడమూ వద్దు. 2020 జనవరి నుంచి మన దేశంలో స్టార్ గుర్తు ఏసీలు 24 డిగ్రీలమీదే మొదలయ్యేట్టు చేశారు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళ లెక్క.

కూరగాయలు కొనేటప్పుడు వంకాయ తొడిమ తిప్పి చూస్తాం, బెండకాయ కొస విరిచి చూస్తాం. కొట్టువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడం. మెకానిక్ ముందు మాత్రం "మనకేం తెలుస్తుందిలే" అని పక్కగదిలోకి వెళ్ళిపోతాం. ఈసారి అలా వెళ్ళకండి. కుర్చీ వేసుకుని దగ్గరే కూర్చోండి. అడిగితే చెప్పేవాళ్ళు, చూస్తే ఇంకా శ్రద్ధగా చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు.