ఆఫ్రికా దేశాలలో చక్కెర వ్యాధి: అదుపు ఎందుకు తప్పుతున్నది?

(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము, లెక్కలు తనిఖీ చేసేవాళ్లం. అయితే చక్కెర వ్యాధిని అదుపులో ఉంచడం చాలావరకు లెక్క, క్రమం, డబ్బు అనే మూడింటి వ్యవహారమే. ఆఫ్రికా ఖండాన్ని చూస్తే ఈ సంగతి బాగా బోధపడుతుంది.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం దాని ఆఫ్రికా ప్రాంతంలో 2 కోట్ల 40 లక్షల మంది పెద్దలకు ఈ వ్యాధి ఉన్నది. వారిలో 54 శాతం మందికి ఆ సంగతే తెలియదు. ఎక్కువమందికి వచ్చేది రెండవ రకం. ఇందులో శరీరంలో తయారయ్యే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఏళ్లు గడిచేకొద్దీ తయారీ కూడా తగ్గుతుంది. కనుక ఆలస్యంగా తెలియడమే అదుపు తప్పడానికి మొదటి కారణం.

రెండవది మందు. ఆసుపత్రి దూరం, బస్సు చార్జీ ఎక్కువ. అక్కడ మందు నిండుకుంటే బయట కొనాలి. డబ్బున్న నెల మింగి, లేని నెల మానేస్తారు. దాహం, అతిమూత్రం తగ్గగానే జబ్బు పోయిందని మాత్రలు ఆపేసేవారూ, ఆకుపసరు వైద్యానికి పోయేవారూ ఉన్నారు.

మూడవది తిండి. తూర్పు దేశాలలో మొక్కజొన్న పిండితో వండే ఉగాలి, పడమటి దేశాలలో కర్రపెండలం వంటి దుంపలతో చేసే ఫుఫు ముఖ్యాహారం. రెండూ పిండిపదార్థాలే. పొలం పని చేసేవారికి చెల్లిన ముద్ద, పట్నంలో కూర్చుని పనిచేసేవారికి చెల్లదు. పైగా చాలాచోట్ల ఒళ్లు చేయడం సిరికి గుర్తు; చిక్కిపోతే ఎయిడ్స్ అని అనుమానిస్తారు. అందుచేత డాక్టరు బరువు తగ్గమన్నా రోగి జంకుతాడు.

నాల్గవది నిల్వ. వేడికి పాలు విరగడం మనకు తెలిసినదే. ఇన్సులిన్ కూడా ఎండ తగిలితే చెడుతుంది, గడ్డకట్టినా పనికిరాదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో తడిపిన మట్టికుండలలో దాస్తారు. కెన్యాలోని దాదాబ్ శరణార్థి శిబిరపు వేడిని లెక్కలోకి తీసుకొని చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చినవి. 25 నుండి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచినా దాని శక్తి తగ్గలేదు. అయినా నిల్వ విషయంలో డాక్టరు మాటే ప్రమాణం.

ఐదవది కొలత. ఒక పూట శాంపిల్ చూసి పశువు వెన్న శాతం తేల్చము గదా! అలాగే ఒకనాటి పరీక్ష చాలదు. హెచ్‌బిఎ-వన్-సి అనే పరీక్ష రెండు మూడు నెలల సగటు చూపుతుంది. అయితే రక్తంలో కొడవలి కణ లక్షణం ఉన్నవారికి ఇది అసలు కంటే తక్కువ చూపవచ్చు. అమెరికాలోని ఆఫ్రికా సంతతివారిపై 2017లో వెలువడిన పరిశీలనలో ఈ తేడా సుమారు 0.3. ఈ లక్షణం ఆఫ్రికాలో విస్తారం. మన ఏజెన్సీ గిరిజన గ్రామాలలోనూ ఉన్నది. అటువంటివారు డాక్టరుకు ముందే చెప్పి, రక్తంలో చక్కెరను నేరుగా కూడా చూపించుకోవాలి.

ఇక సహకారం విషయం. రువాండాలో కుటుంబాల చందాలతో నడిచే ఆరోగ్య బీమా దేశమంతటా ఉన్నది. కెన్యాలోని నంది ప్రాంతంలో తనికినా పాల సంస్థ రైతులకు 2011లో ఆరోగ్య పథకం పెట్టి, చందాను పాల సొమ్ములోంచే మినహాయించుకునే ఏర్పాటు చేశారు. రైతు చేతికి డబ్బు వచ్చే చోటనే వైద్యానికి కొంత పక్కన పెట్టించడం దీనిలోని కిటుకు.

మనవి రెండు. మాత్రలు వాడే సభ్యులు బిల్లు ముట్టిన రోజున, వచ్చే బిల్లు వరకు సరిపడా మందు కొన్న తరువాతనే తక్కిన ఖర్చులకు పోవాలి. పాలకవర్గం వారు ఏటా ఒకనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందిని సంఘానికి పిలిపించాలి. ఉదయం పాలు పోయడానికి చాలామంది పరగడుపునే వస్తారు. ఆ పరీక్షకు కావలసినదీ పరగడుపే. ముందురోజు చాటింపు వేయిస్తే, క్యాను దించిన చోటనే వేలు చాపి పోవచ్చును.