చియా నారుమడి



సాల్వియా జాతిలో గింజలకై పండించు పైరు చియా. మెక్సికో, గ్వాటిమాలాలు దీని జన్మభూములు. పగటి పొద్దు తగ్గు దినములలోనే ఇది పూయును. కనుక దక్కను సీమలో వానలు తగ్గుముఖము పట్టు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఆరుబయట నారు పోయవలెను.

వేయి గింజలు ఇంచుమించు 1.3 గ్రాములే తూగును. అంత సన్నని విత్తును లోతుగా కప్పినచో మొలక పైకి రాజాలదు. ఎత్తుమడిలో మన్ను మెత్తగా చేసి, విత్తును పొడి యిసుకతో కలిపి పలుచగా చల్లి, పైన పావు అంగుళమునకు మించకుండ మన్ను కప్పవలెను. విత్తును ముందుగా నానబెట్టరాదు. సబ్జావలె జిగురెక్కి ముద్దగట్టును. మొలకలు కనబడు వరకు మడి నారనీయక నీరు సన్నగా చిలుకరింపవలెను. ధారగా పోసినచో విత్తు కొట్టుకొనిపోవును. మధ్యాహ్నపుటెండకు తాటాకుల నీడ కల్పించి, మొలచిన పిదప క్రమముగా తొలగింపవలెను.

మడి చెడినచో మరల పోయుటకు అదను మించును. ఆలస్యపు పైరు పొట్టిగా నుండగనే పూచి, దిగుబడి తగ్గును.